ఒక్క ఊపిరిలో చదివే వాక్యాలు

నేను ఇంగ్లీషు నేర్చుకున్నది ఉద్యోగంలో పైకి రావడానికి కాదు, నలుగురిలో గొప్పగా మాట్లాడటానికి కాదు. ఒక మనిషిని నలుగురిలో నిలబెట్టి పరువు తీయడానికి. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ను మంచిదాన్ని అనుకుని మోసపోకండి.

ఆ మనిషి మా సూపర్‌వైజరు. పెద్ద హోటలు, దాని కింద నేలమాళిగలో లాండ్రీ. పైన గదుల్లో జనం పడుకుని లేచిన దుప్పట్లు గొట్టంలోంచి కిందికి జారుతుంటాయి, మేం ఉతికి, ఇస్త్రీ చేసి, మడతపెట్టి పైకి పంపుతుంటాం. సూపర్‌వైజరు జేబులో ఎప్పుడూ నీలం, నలుపు, ఎరుపు పెన్నులు ఉండేవి కాబట్టి మూడుపెన్నులు అని పిలుచుకునేవాళ్లం. ఎదురుగా సార్, వెనకాల మూడుపెన్నులు, ఇంకా వెనకాల వాడు. నేనిక్కడ వాడు అనే అంటాను.

దుప్పట్లు ఇస్త్రీ చేసేది రోలరు మిషను. వేడి రోలరు తిరుగుతుంటే ఇద్దరం ఇటు నిలబడి తడి దుప్పటి అంచులు పట్టి లోపలికి అందిస్తాం, అటు ఇద్దరు అందుకుని మడతపెడతారు. రోలరుకు ముందు అడ్డంగా ఒక ఇనప కడ్డీ. చెయ్యి పొరపాటున లోపలికి వెళ్లబోతే ముందు ఆ కడ్డీకి తగులుతుంది, తగలగానే మిషను ఆగిపోతుంది. అందుకే దుప్పటి ముడత పడితే భయం లేకుండా చెయ్యి పెట్టి సర్దేసేవాళ్లం. కడ్డీ ఉందిగా అనే ధీమా.

చిక్కేమిటంటే ఆ కడ్డీకి బొత్తిగా ఓర్పు లేదు. దుప్పటి బరువుగా తగిలినా ఆపేసేది. ఆగిన ప్రతిసారీ రోలరు మళ్లీ వేడెక్కేదాకా చేతులు కట్టుకుని నిలబడాలి, పైనుంచి ఫోన్లు, కింద మూడుపెన్నుల అరుపులు. ఒకరోజు పొద్దున వాడు కడ్డీని కదలకుండా వైరుతో కట్టేశాడు. ఆ రోజు మా అక్క పన్ను పీకించుకుని మధ్యాహ్నం వచ్చింది. మూడింటికి ఒక దుప్పటి ముడత పడింది. ఎప్పట్లాగే చెయ్యి పెట్టింది. కడ్డీ కదల్లేదు, మిషను ఆగలేదు.

అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే. నోట్లో నాలుక లేని మనిషి. ఆ రోజు ఆమె అరిచిన అరుపు మాత్రం మెట్లెక్కి పైదాకా వినిపించిందట.

తువ్వాలు తడిపి ఆమె చేతికి చుడుతుంటే మూడుపెన్నులు రిజిస్టరు పట్టుకొచ్చి నా ముందు పెట్టాడు. "హాస్పిటల్‌కి పంపుతున్నట్టు రాశాను. పక్కనున్నవాళ్లు సంతకం పెడితేగానీ కారు కదలదు. పెట్టమ్మా తొందరగా" అన్నాడు. అంతా ఇంగ్లీషు. నాకు ఏబీసీడీలు విడివిడిగా తెలుసు, కలిస్తే తెలియవు. పెట్టేశాను.

మూడు వారాల తర్వాత అక్క పేరున ఉత్తరం వచ్చింది. మందుల షాపు అమ్మాయి చదివి తెలుగులో చెప్పింది. ఎన్నిసార్లు చెప్పినా వినకుండా కడ్డీని తానే తీసేసి రోలర్లో చెయ్యి పెట్టింది, అందువల్ల ఉద్యోగంలోంచి తీసేశాం. సాక్షి, సొంత చెల్లెలు.

అక్క కట్టు కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని విన్నది. "నేను కడ్డీ తీయడం నువ్వు చూశావా?" అని అడిగింది. "అందులో ఏం రాశాడో నాకు తెలీదక్కా" అన్నాను. "సరే" అన్నది. ఆ సరే నా గుండెల్లో దిగబడిపోయింది. తిట్టినా బాగుండేది.

చెయ్యి మానింది కానీ వేళ్లు ముడుచుకోవడం మానేశాయి. ఇంకో హోటలుకి వెళ్లి అడిగింది, ఒక ఆసుపత్రి లాండ్రీకి వెళ్లి అడిగింది. రెండు చోట్లా మా హోటలుకి ఫోన్ చేశారు, మూడుపెన్నులు రిజిస్టరు తెరిచి ఆ వాక్యమే చదివి వినిపించాడు. ఆ వాక్యం అక్కడ ఉన్నన్నాళ్లూ మా అక్కకు ఎక్కడా పని లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారు. కాలింది మా అక్క చెయ్యి, ఆకులు పట్టుకోవాల్సింది నేను.

మేనేజరు దగ్గరికి వెళ్లి చెప్పొచ్చు కదా అంటారేమో. ఆయనకు మన మాట రాదు, మాకు ఆయన మాట రాదు. మధ్యలో దుబాసీ మూడుపెన్నులే. దొంగ చేతికే తాళాలిచ్చినట్టు. కాకపోతే మా దగ్గర ఒక ఆనవాయితీ ఉంది. ప్రతి నెలా మొదటి సోమవారం పొద్దున తొమ్మిదింటికి మేనేజరు కిందికి దిగి వస్తాడు. మేమంతా మడతల బల్ల చుట్టూ నిలబడతాం. మూడుపెన్నులు రిజిస్టరు విప్పి నెలరోజుల రాతంతా గట్టిగా చదువుతాడు. ఎలా చదువుతాడనుకున్నారు, ఎక్స్‌ప్రెస్ బండిలాగా. ఒక్క స్టేషన్లోనూ ఆగడు. పదకొండేళ్లుగా అందులో తన రాత తప్ప ఇంకొకరి రాత లేదు, ముందుగా చూసుకునే అవసరమే వాడికి రాలేదు. గొంతు బాగుంటుందని ఎవరో ఎప్పుడో చెప్పినట్టున్నారు, తలెత్తి, గాలి పీల్చి, అలా వదిలేవాడు.

గోడ మీద ఒక కాగితం అంటించి ఉండేది. అందులో ఏముందో పెద్దమ్మకు తెలుసు. పెద్దమ్మ అంటే మాలో అందరికన్నా పాత మనిషి, అటువైపు దుప్పట్లు అందుకుంటుంది. "పనివాళ్లు ఎవరైనా రిజిస్టర్లో రాయొచ్చని ఉందే అందులో. ఇంగ్లీషులో రాసి కింద సంతకం పెట్టాలంట. పేజీలు చింపకూడదంట. పాత సూపర్‌వైజరు చెప్పాడు" అన్నది ఒకరోజు భోజనాల దగ్గర. "మనం రాయలేం కాబట్టే పెట్టి ఉంటారు" అని కూడా అన్నది.

ఆ మాట విన్న సాయంత్రమే వెళ్లి ఇంగ్లీషు క్లాసులో చేరాను.

క్లాసు చెప్పేది టైపిస్టమ్మ. కోర్టులో ముప్పై ఏళ్లు వాంగ్మూలాలు టైపు చేసి రిటైరైన మనిషి. టైలరు షాపు పైగది, ఆరింటి నుంచి ఏడింటిదాకా. కింద మిషన్లు టకటకమంటుంటే పైన మా ఇంగ్లీషు. పాత క్యాలెండరు అట్టల వెనక ఒక్కో మాట రాసి ఒక్కొక్కరి చేతిలో పెట్టేది. ఆ మాట మనమే. ఎవరి చోట వాళ్లు నిలబడి వాక్యం తయారు చెయ్యాలి. మొదటిరోజు పిల్లి పాలు తాగింది. ఆటో డ్రైవరు పిల్లి, పూలకొట్టు అమ్మాయి పాలు, నేను తాగింది. నేను నేరుగా వెళ్లి చివర నిలబడ్డాను. పుట్టినప్పటినుంచీ తాగడం, తినడం, చావడం అన్నీ చివరేగా.

టైపిస్టమ్మ నా మణికట్టు పట్టి లాక్కొచ్చి పిల్లికీ పాలకీ మధ్యలో నిలబెట్టింది. "మన దగ్గర పని చివరిదాకా ఓపిగ్గా నిలబడుతుంది. ఇంగ్లీషులో అంత ఓపిక లేదు. చేసినవాడి వెనకాలే పరిగెత్తాలి. ముందు ఎవరు, తర్వాత ఏం చేశారు, ఆ తర్వాత దేన్ని. నిద్రలో లేపి అడిగినా ఇదే వరస."

"చేసినవాడి పేరు చెప్పకుండా తప్పించుకోలేమా టీచరుగారూ?" అని ఆటో డ్రైవరు అడిగాడు. అతని ఆటో మీద రెండు కేసులున్నాయి.

"దారులు లేకపోలేదు. ఆఫీసువాళ్లంతా ఆ దారుల్లోనే తిరుగుతారు. మీకింకా అంత చదువు రాలేదు, ఉన్నది ఉన్నట్టు చెప్పండి."

నేనైతే నెలరోజులపాటు చివరకే పరిగెత్తాను. ఆవిడ లాక్కొచ్చేది, నేను మళ్లీ వెళ్లేదాన్ని. ఆటో డ్రైవరు నవ్వేవాడు. "చెల్లెమ్మా, నువ్వు బస్సులో చివరి సీటు మనిషివి" అనేవాడు. కానీ పళ్లు బిగించి నేర్చుకున్నాను. లాండ్రీలో దుప్పట్లకు అంతస్తు నంబరు రాసి కుట్టే తెల్లగుడ్డ పట్టీలుంటాయి. పాడైన పట్టీల మీద మార్కింగు ఇంకుతో మాటలు రాసుకుని, భోజనాల టైములో తీగమీద పిన్నీసులతో గుచ్చి వరస మార్చి మార్చి చూసుకునేదాన్ని. ది సూపర్‌వైజర్. టైడ్. ది సేఫ్టీ బార్. మూడుపెన్నులు వస్తుంటే పట్టీలు పీకి నోట్లో పెట్టుకున్నది పెద్దమ్మ ఒకసారి. వాడు ఏదో అడిగితే బుగ్గలు పొంగించుకుని తల ఊపింది. ఇంకు రుచి రెండురోజులు పోలేదట.

వరస మీద అంత పట్టుదల ఎందుకంటే, నాకు తప్పొప్పుల మార్కులు అక్కర్లేదు. వాక్యం నడక కావాలి. ఒక్క మాట చోటు తప్పినా వాడి నాలుక తట్టుకుంటుంది, తట్టుకుంటే ఆగుతాడు, ఆగితే చూస్తాడు, చూస్తే పేజీ తిప్పేస్తాడు. ఆగకుండా, అనుమానం రాకుండా, తన గొంతుతో తానే చదువుకుంటూ పోయే వాక్యాలు కావాలి. వాడు రిజిస్టర్లో తన గురించి ఎప్పుడూ ది సూపర్‌వైజర్ అనే రాసుకుంటాడు. సూపర్‌వైజర్ తనిఖీ చేశాడు, సూపర్‌వైజర్ సలహా ఇచ్చాడు, సూపర్‌వైజర్ అది, సూపర్‌వైజర్ ఇది. నేనూ అలాగే మొదలెట్టాను. వాడు భోజనానికి వెళ్లినప్పుడు పాత పేజీలు చూసి అక్షరాలు దించుకున్నాను, కుడివైపుకి వాలిన ఆ రాతతో సహా. నాకు అక్షరాలు దిద్దించిన గురువు టైపిస్టమ్మ కాదు, వాడే. గురుదక్షిణ బాకీ ఉంచుకోలేదు.

ఒకరోజు క్లాసయ్యాక నా నాలుగు వాక్యాలూ టైపిస్టమ్మకు చూపించాను. కళ్లజోడు సవరించుకుని రెండుసార్లు చదివింది.

"వరస బాగుంది. కట్టింది సూపర్‌వైజరు. వైరు ఎక్కడిది?"

"ఏమో, తెలీదండీ."

"కోర్టులో ఇలాంటివి వేలు టైపు చేశాను. తెలీదు అని చెప్పేవాళ్లు ఇంత తొందరగా చెప్పరు" అని కాగితం తిరిగి ఇచ్చేసింది.

ఇక్కడిదాకా మీకూ చెప్పకుండా దాటేశాను. ఆ వైరు ఇచ్చింది నేను. ఆ రోజు పొద్దున కడ్డీ వల్ల మిషను ఆరోసారి ఆగింది. నాకూ విసుగొచ్చింది. వాడు "ఏదన్నా వైరుందా" అంటే పాత ఇస్త్రీపెట్టె వైరు నేనే కోసిచ్చాను. వాడు బిగిస్తుంటే రెండో కొస నేనే పట్టుకున్నాను. పోనీలే, ఇవాళ పెందలాడే ఇంటికెళ్లొచ్చు అనుకున్నాను. మధ్యాహ్నం అక్క వచ్చి నా పక్కన నిలబడింది. కడ్డీ కట్టేశామని చెప్పాలి. పీకిన పన్ను ఎలా ఉంది అని అడిగాను, కడ్డీ మాట మర్చిపోయాను. దీనికి పెద్ద కారణమేం లేదు. మర్చిపోయాను, అంతే.

అది తల్చుకున్నప్పుడల్లా నాకు వాడిమీద పగ ఇంకా పెరిగేది. ఎందుకో మీకు తెలుసు, నాకూ తెలుసు.

నెలాఖరు శనివారం వాడు భోజనానికి వెళ్లగానే రిజిస్టరు తెరిచాను. వాడు ఆ నెల రాత పొద్దున్నే ముగించేశాడు, ఆ చివరి పేరా కింద నాలుగు వాక్యాలు రాసి, తెలుగులో సంతకం పెట్టాను. ఆదివారం అన్నం ముందు పెట్టుకుని కూడా ఆ వాక్యాలే గొణుక్కున్నాను. అక్క "జ్వరమా?" అని ఎడమచేత్తో నుదురు పట్టి చూసింది.

సోమవారం తొమ్మిదింటికి మేనేజరు వచ్చాడు. మేం బల్ల చుట్టూ నిలబడ్డాం. మూడుపెన్నులు తలెత్తాడు, గాలి పీల్చాడు, బండి బయల్దేరింది. సబ్బు నిల్వ, పంపు మరమ్మతు, కొత్త తువ్వాళ్లు. పేజీ తిప్పాడు.

"ది సూపర్‌వైజర్ చెక్డ్ ది డ్రెయిన్స్. ది సూపర్‌వైజర్ అడ్వైజ్డ్ ది స్టాఫ్. ది సూపర్‌వైజర్ టైడ్ ది సేఫ్టీ బార్ విత్ వైర్. ది సూపర్‌వైజర్ డిడ్ నాట్ టెల్ ది వర్కర్. ది సూపర్‌వైజర్ రోట్ ఎ లై ఇన్ దిస్ బుక్."

మొదటి రెండూ వాడి వాక్యాలు, తర్వాతి మూడూ నావి. సూపర్‌వైజరు కడ్డీని వైరుతో కట్టాడు. పనిచేసే మనిషికి చెప్పలేదు. ఈ పుస్తకంలో అబద్ధం రాశాడు. మంచి గొంతుతో, ఎక్కడా తడబడకుండా, ప్రతి మాటా స్పష్టంగా. బుక్ అన్న మాట గదిలో ఖంగున మోగింది. అప్పుడు వాడి చెవి వాడి నోటిని అందుకుంది. నోరు తెరుచుకునే ఉంది, మాట లేదు. తేలు కుట్టిన దొంగ ఎలా ఉంటాడో నేను వినడమే కానీ చూడటం అదే మొదలు. ఏడు నెలల నా కడుపుమంట ఆ ఒక్క క్షణంలో చల్లారింది. అబద్ధమెందుకు, పరమానందంగా ఉంది.

మేనేజరు తలెత్తాడు. "గో ఆన్" అన్నాడు.

"సార్, దిస్ ఈజ్..."

"గో ఆన్."

వాడు నా నాలుగో వాక్యం చదివాడు, ఈసారి ప్యాసింజరు బండిలాగా. "హర్ సిస్టర్... సైన్డ్ ఇట్... వితౌట్ రీడింగ్." ఆమె చెల్లెలు చదవకుండా సంతకం పెట్టింది.

మేనేజరు పుస్తకం లాక్కుని కింద సంతకం చూశాడు. ఎవరిదని అడిగాడు. "ఐ రోట్ ఇట్" అన్నాను. ఆయన లేచి తిన్నగా రోలరు దగ్గరికి నడిచాడు. కడ్డీ వైరుతో కట్టే ఉంది. అక్కకు జరిగాక వారం రోజులు విప్పి ఉంచి, మళ్లీ కట్టేశాడు మహానుభావుడు. ఏడు నెలల క్రితం తీసేసిన మనిషి ఇవాళ వచ్చి కట్టి వెళ్లలేదు కదా. మేనేజరు వైరు మీద వేలు పెట్టి చూసి, మూడుపెన్నుల వైపు తిరిగాడు.

వాడప్పుడు నావైపు చూశాడు. "వైరు ఎవరిచ్చారో చెప్పమంటావా?" అన్నాడు తెలుగులో, నెమ్మదిగా. నేను నోరెత్తకముందే ఇంగ్లీషులో మేనేజరుకు చెప్పేశాడు. వైరు, సిస్టర్, కట్, గివ్. నాకు అన్నీ అర్థమయ్యాయి. నేర్చుకోకపోయినా బాగుండు అనిపించింది.

"డిడ్ యూ?" అని అడిగాడు మేనేజరు.

నేను వైరు ఇచ్చిన రోజు పొద్దున చూసినవాళ్లు లేరు. పెద్దమ్మ మిషను వెనక అటువైపు ఉంది, ఇంకొకామె ఉతికే గదిలో ఉంది. లేదంటే లేదనే. కానీ లేదంటే ఏమవుతుందో నా కళ్ల ముందు కనిపించింది. వాడి మాటా నా మాటా విచారణకని పైకి వెళ్తాయి, ఫైళ్లలో పడుకుంటాయి, అక్కమీద రాసిన వాక్యం అక్కడే ఉంటుంది. పైగా ఆ గదిలో నిజం చెప్పినవాడు వాడవుతాడు, అబద్ధమాడింది నేనవుతాను. ఆ గొప్ప మాత్రం వాడికి దక్కనివ్వదల్చుకోలేదు.

"యెస్. ఐ కట్ ది వైర్. ఐ గేవ్ ఇట్ టు హిమ్." నేనే కోశాను. నేనే ఇచ్చాను.

పెద్దమ్మ నావైపు చూసింది. నేనామె వైపు చూడలేదు.

మేనేజరు పాత పేజీ తెరిచి అక్కమీద రాసిన వాక్యాన్ని ఎర్రగా కొట్టేసి, పక్కన పొట్టి సంతకం పెట్టాడు. తర్వాత మా ఇద్దర్నీ పైకి రమ్మన్నాడు. వాడు ముందు, నేను వెనక మెట్లెక్కాం. వాడి మెడ వెనక కాలరు చెమటకు తడిసి ఉంది, పై మెట్టుదాకా దాన్నే చూస్తూ ఎక్కాను. సాయంత్రానికి ఇద్దరి ఉద్యోగాలూ పోయాయి. అక్కను వచ్చే సోమవారం నుంచి రమ్మన్నారు. దుప్పట్లు అందించే కిటికీ దగ్గర, కూర్చుని చేసే పని.

ఇంటికొచ్చి అక్కకు అంతా నటించి చూపించాను. తలెత్తడం, గాలి పీల్చడం, నోరు తెరుచుకుని ఉండిపోవడం. అక్క నవ్వింది. ఏడు నెలల తర్వాత, కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వింది. "ఇంకోసారి చెయ్యవే" అంటే ఇంకోసారి చేశాను. అక్కడితో ఆపేయొచ్చు. కానీ రేపో మాపో పెద్దమ్మ చెప్తుంది. వేరేవాళ్ల నోట వినడంకన్నా నేను చెప్పడమే నయమనుకున్నాను.

"నీ ఉద్యోగం ఎందుకు తీసేశారే మరి?" అని ఆమే అడిగింది, కళ్లు తుడుచుకుంటూ.

"వైరు నేనే ఇచ్చానక్కా."

"ఏ రోజు?"

"ఆ రోజే. పొద్దున."

"మధ్యాహ్నం నా పక్కనే ఉన్నావుగా. పన్ను ఎలా ఉందని అడిగావు."

"ఊఁ."

"ఇదొక్క మాట చెప్పలేకపోయావా?"

అక్క కొంగు దులుపుకుని లేచింది. గొంతు పెంచలేదు, ఆమెకు ఎప్పుడూ పెంచడం రాదు. "వాడిమీద నా కోపం ఇవాళ్టితో తీరిపోయింది. నీమీద ఇవాళే మొదలైంది. ఎన్నాళ్లుంటుందో నాకు తెలీదు, అడగొద్దు."

"అడగనక్కా" అన్నాను.

సోమవారం అక్క పనికి వెళ్లింది. నేను ఇంట్లో ఉన్నాను.